నీట్‌లో 231 మార్కులు, బీడీఎస్ ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి?

సింగరేణి_అమ్మ
మా పెద్దమ్మాయికి 2025 నీట్‌లో 231 వచ్చాయి. ఇంటర్ అయ్యాక లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చుని రాసినవే. బీసీ-డి. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా కొత్తగూడెం, ఖమ్మంలోనే చదివింది. ఎంబీబీఎస్ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తడం లేదు. తను బీడీఎస్ (పంటి డాక్టర్ కోర్సు) చేస్తానంటోంది, వాళ్ల నాన్నేమో ఇంకో ఏడాది కూర్చోమంటున్నారు.

ఈలోగా ఒక కన్సల్టెన్సీ అతను ఫోన్ చేసి, "ఈ మార్కులకు కన్వీనర్ కోటాలో రాదమ్మా, ఇప్పుడే లక్షన్నర కడితే బి కేటగిరీ సీటు పట్టి ఉంచుతా" అన్నాడు. కన్వీనర్ కోటా అంటే తక్కువ ఫీజు సీటు, బి కేటగిరీ అంటే ఎక్కువ ఫీజు మేనేజ్‌మెంట్ సీటు అట. రెండు రోజుల్లో చెప్పాలట. ఇక మా ఆడపడుచు, కౌన్సెలింగ్‌లో ఇచ్చే కాలేజీల వరసలో, అంటే ఆప్షన్లలో, చిన్న కాలేజీలు ముందు పెట్టండి, పెద్దవి ముందు పెడితే రెండూ పోతాయి అంటోంది. పోయినేడాది సీట్లు వచ్చినవాళ్ల మార్కులు చూస్తే 231 దరిదాపుల్లో ఎవరూ లేరు. నిజంగానే రాదా? వస్తే ఏ కాలేజీ ముందు పెట్టాలి?

ఇడ్లీ_సాంబార్
రెండు రోజుల్లో చెప్పాలన్నాడంటే మూడో రోజు ఆఫీసు ఖాళీ చేస్తాడేమో కనుక్కోండి.

ఆప్షన్ల_వీరుడు
ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి. బి కేటగిరీ సీట్లు కూడా వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీయే నీట్ ర్యాంకును బట్టి కౌన్సెలింగ్ పెట్టి ఇస్తుంది. దానికి వేరే నోటిఫికేషన్, వేరే రిజిస్ట్రేషన్. పట్టి ఉంచడానికి సీటు అతని చేతిలో లేదు. ఒక్క రూపాయి ఇవ్వకండి.

రెండోది, పోయినేడాది మార్కులతో పోల్చడం ఆపండి. 2024లో 720కి 720 మొదట 67 మందికి వచ్చాయి, సవరించాక కూడా 17 మంది మిగిలారు. 2025లో ఫిజిక్స్ దెబ్బకు దేశంలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడికే 686. జనరల్ అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 127 నుంచి 113కి. అందుకే పోయినేడాది సీట్ల జాబితా పీడీఎఫ్‌లో 231 మీకు కనబడలేదు. అక్కడ పాప నీట్ ర్యాంకు వెతకండి, మార్కులు కాదు. పరీక్ష రాసినవాళ్ల సంఖ్య రెండేళ్లూ 22, 23 లక్షల దగ్గరే ఉంది కాబట్టి ర్యాంకుతో పోలిక కుదురుతుంది.

ఇంకో మాట. మొదటి విడత జాబితా ఒక్కటే చూసి దిగులు పడొద్దు. ఆఖరి విడత దాకా అన్ని జాబితాలూ దించుకుని చూడండి. బీసీ-డి సీట్లే కాదు, ఓపెన్ సీట్లలో ఆఖరున ఎవరికి వచ్చిందో, ఆడపిల్లల సీట్లు ఎక్కడ ఆగాయో కూడా చూడాలి.

సింగరేణి_అమ్మ
ర్యాంకుతో వెతికాను. పోయినేడాది మూడో విడతలో పాప ర్యాంకు కంటే వెనక ఉన్నవాళ్లకు కన్వీనర్ కోటాలోనే వచ్చాయి! మొదటి విడతలో మాత్రం లేవు. ఇలా ఎందుకవుతుంది?

ఆప్షన్ల_వీరుడు
బీడీఎస్‌లో చేరినవాళ్లలో చాలామంది కన్ను ఎంబీబీఎస్ మీదే ఉంటుంది. ఎంబీబీఎస్ తర్వాతి విడతల్లో సీటు తగిలితే ఇది వదిలేస్తారు. కొందరు వెటర్నరీకి, ఆయుర్వేదానికి పోతారు. కొందరు లాంగ్ టర్మ్‌కి వెనక్కి పోతారు. పైనవాళ్లు ఖాళీ చేస్తే కిందివాళ్లకు దారి దొరుకుతుంది. తక్కువ ర్యాంకు ఉన్నవాళ్లకు కావలసింది ఆఖరి విడత దాకా ఓపిక పట్టడమే. మొదటి విడతలో రాలేదని భయపడి బి కేటగిరీకి పరుగెత్తేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

లాంగ్‌టర్మ్_లక్ష్మణ్
అన్నా, ఆడపడుచుగారి మాటకు జవాబు చెప్పలేదు. నాక్కూడా ఆ డౌటే. చిన్న కాలేజీ ముందు పెడితే సేఫ్ కదా?

ఆప్షన్ల_వీరుడు
కాదు. కంప్యూటర్ మెరిట్ వరసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. నీ వంతు వచ్చినప్పుడు నీ మొదటి ఆప్షన్ దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తుంది, నీ కేటగిరీలో సీటు ఎక్కడ ముందు దొరికితే అక్కడ ఆగుతుంది. హైదరాబాద్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీ మొదటి ఆప్షన్‌గా పెట్టినందుకు పదో ఆప్షన్‌లో నీకు రావలసిన సీటు ఎవరికీ పోదు. నీకంటే వెనక ర్యాంకువాడు ఆ పదో కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా సరే, ముందు వంతు నీదే. అదే చిన్న కాలేజీ మొదట పెడితే అక్కడే ఆగిపోతావు, పైన ఖాళీ ఉన్నా చూడదు.

కర్నూలు_ఖాదర్
థియరీ బాగుంది. మా మేనల్లుడు మీరు చెప్పినట్టే పెద్దవి ముందు పెట్టాడు, మొదటి విడతలో ఏమీ రాలేదు. పక్కింటి అబ్బాయి ర్యాంకు వాడికంటే తక్కువ, వాడికి వచ్చింది. దీనికేమంటారు?

ఆప్షన్ల_వీరుడు
మేనల్లుడు ఎన్ని ఆప్షన్లు పెట్టాడు?

కర్నూలు_ఖాదర్
నాలుగు. ఊరికి దగ్గరగా ఉన్నవి.

ఇడ్లీ_సాంబార్
కేసు కొట్టివేయడమైనది.

ఆప్షన్ల_వీరుడు
నాలుగు పెట్టి నాలుగింట్లోనూ రాకపోతే వరస ఏం చేస్తుంది? పక్కింటి అబ్బాయి దూరం కాలేజీలు కూడా పెట్టి ఉంటాడు, కేటగిరీ కూడా వేరేమో చూడండి. వస్తే నిజంగా చేరతాం అనుకున్న ప్రతి కాలేజీ పెట్టాలి, మీకు నచ్చిన వరసలో పెట్టాలి.

హౌస్‌సర్జన్_పద్మ
"నిజంగా చేరతాం" అన్న మాట గట్టిగా పట్టుకోండి. సీటు వచ్చాక చేరకపోతే తర్వాతి విడతలకు అర్హత పోతుందని నోటిఫికేషన్‌లో రాస్తారు. మా జూనియర్ ఒకమ్మాయి ఎలాగూ రాదులే అని ఒక దూరపు కాలేజీని ఆఖరున పడేసింది. అదే వచ్చింది. ఇంట్లో పంపమన్నారు. తర్వాతి విడతలో ఇంటి దగ్గర కాలేజీలో సీటు ఖాళీ అయితే చూస్తూ కూర్చుంది.

రాంబాబు_భీమవరం
మీరంతా కన్వీనర్ కోటా అంటూ ఆఖరి విడత దాకా కూర్చోమంటున్నారు. అప్పటికి మంచి కాలేజీల్లో ఏం మిగులుతుంది? మా అమ్మాయికి ఇలాగే మార్కులు తగ్గితే ఆంధ్రాలో మేనేజ్‌మెంట్ కోటాలో మొదటి విడతలోనే చేర్చాను. పేరున్న కాలేజీ, హాస్టల్ లోపలే. ఇప్పుడు సొంత క్లినిక్. డబ్బు పోయిందని నేనేం ఏడవడం లేదు. స్తోమత ఉన్నవాళ్లను భయపెట్టకండి.

ఎండీఎస్_మాధవి
రాంబాబుగారూ, స్తోమత ఉన్నవాళ్లు ఇక్కడ ప్రశ్న వేయరండీ, చేర్చేసి వస్తారు. ప్రశ్న వేసినవాళ్లది జీతం ఇల్లు.

నేను ప్రోస్థో (కట్టుడు పళ్ల విభాగం)లో ఎండీఎస్, అంటే డెంటల్ పీజీ, చేసి కరీంనగర్‌లో క్లినిక్ నడుపుతున్నాను. నా దగ్గర పనికి వచ్చే బీడీఎస్ పిల్లలతో రోజూ మాట్లాడతాను కాబట్టి లెక్క చెప్తా. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా ఫీజు ఏడాదికి వేలల్లో ఉంటుంది, బి కేటగిరీ లక్షల్లో ఉంటుంది. చదువుకునే పుస్తకాలు అవే, పేషెంట్లు వాళ్లే, ఆఖరున యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ అదే. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక బయటికి వచ్చిన పిల్లకు హైదరాబాద్ క్లినిక్కుల్లో మొదటి జీతం ఎంతో తెలుసా? నాకు ఇచ్చింది 12 వేలు. ఇప్పుడు కాస్త పెరిగింది, మరీ పెరగలేదు. సొంతంగా పెట్టాలంటే చైర్, కంప్రెసర్, ఎక్స్‌రే, ఆటోక్లేవ్, అడ్వాన్స్, ఇంటీరియర్, అన్నీ కలిపి మళ్లీ లక్షలు. ఎండీఎస్ చేయాలంటే నీట్ ఎండీఎస్ రాయాలి. అక్కడ కూడా ఆర్థో (పళ్ల వరస సరిచేయడం), ఎండో (రూట్ కెనాల్), సర్జరీ కావాలంటే పోటీ ఉంది. ప్రైవేటు సీటు అయితే దాని ఫీజు చూసి బీడీఎస్ ఫీజు ఎంత తక్కువో అనిపిస్తుంది.

అందుకే నా మాట ఒకటే. తక్కువ స్కోరు వచ్చినప్పుడు డబ్బు బీడీఎస్‌లో కుమ్మరించొద్దు. క్లినిక్‌కో ఎండీఎస్‌కో దాచుకోండి. కన్వీనర్ కోటాలో ఓ మోస్తరు కాలేజీ వచ్చినా బి కేటగిరీలో పేరున్న కాలేజీ కంటే నేను దానికే ఓటు వేస్తాను.

రాంబాబు_భీమవరం
ఓ మోస్తరు కాలేజీలో పేషెంట్లు లేకపోతే? పన్ను పీకడం యూట్యూబ్‌లో నేర్చుకుంటుందా?

హౌస్‌సర్జన్_పద్మ
ఈ పాయింట్ రాంబాబు అంకుల్‌కే ఇస్తాను. మాధవి మేడమ్ "పేషెంట్లు వాళ్లే" అన్నారు, ఒకే కాలేజీలో కన్వీనర్ కోటా అయినా బి కేటగిరీ అయినా అది నిజం. కాలేజీకీ కాలేజీకీ మధ్య మాత్రం చాలా తేడా ఉంది. బీడీఎస్‌లో మొదటి రెండేళ్లు అనాటమీ, ఫిజియాలజీ, మైనం చెక్కడం, డెంటల్ మెటీరియల్స్, ఫాంటమ్ హెడ్ (బొమ్మ తల) మీద డ్రిల్ చేయడం. అది ఏ కాలేజీలోనైనా గడిచిపోతుంది. మూడో ఏడాది నుంచి క్లినిక్స్. అక్కడి నుంచి మన చేతికి పని నేర్పేది పేషెంటే. ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఇన్ని పళ్లు తీయాలి, ఇన్ని ఫిల్లింగులు చేయాలి, ఇన్ని కట్టుడు పళ్లసెట్లు చేయాలి అని కోటా ఉంటుంది. పేషెంట్లు రాని కాలేజీలో ఆ కోటా పూర్తి చేయడం స్టూడెంట్ ఖర్చు. ఒక పూర్తి పళ్లసెట్‌కు అచ్చులు తీయడం, దవడ కొలతలు, ట్రయల్, అమర్చడం అని కనీసం ఐదుసార్లు ఆ పెద్దాయన రావాలి. ఆటో చార్జీ మాది, టిఫిన్ మాది. మధ్యలో ఆయన మనవరాలి పెళ్లికి వెళ్లిపోతే మళ్లీ మొదటికి. మా బ్యాచ్‌లో ఒకడు పళ్లు లేని తాతల ఫోన్ నంబర్లు అమ్ముకున్నాడు. జోక్ కాదు.

సింగరేణి_అమ్మగారూ, ర్యాంకు లెక్క తేలాక పాపను తీసుకుని రావొచ్చనుకున్న కాలేజీలకు ఒక మామూలు పనిదినాన పదకొండింటికి వెళ్లండి. అడ్మిషన్ ఆఫీసుకు వెళ్లొద్దు. ఓపీ చీటీ రాయించుకుని మీ పన్నే చూపించుకోండి. చీటీ నంబరు ఎంతో చూస్తే ఆ రోజు ఎంతమంది వచ్చారో తెలిసిపోతుంది. ఫిల్లింగులు చేసే కన్జర్వేటివ్ డిపార్ట్‌మెంట్‌లోకి తొంగి చూసి ఎన్ని చైర్లు పనిచేస్తున్నాయో, ఎన్నింటి మీద దుప్పటి కప్పి ఉందో లెక్కపెట్టండి. తర్వాత క్యాంటీన్‌లో ఫైనల్ ఇయర్ పిల్లలు దొరుకుతారు. ఒక్క ప్రశ్న చాలు: "సర్జరీలో కోటాకి పేషెంట్లను మీరే తెచ్చుకోవాలా?" ఆ ప్రశ్నకు వాళ్లు నవ్వే తీరును బట్టి మిగతాది అర్థమవుతుంది.

ఇడ్లీ_సాంబార్
తాతల డేటాబేస్ స్టార్టప్‌కి ఫండింగ్ ఇవ్వడానికి నేను రెడీ.

నల్గొండ_కుర్రోడు
పద్మ అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. అదే ఆవరణలో మెడికల్ కాలేజీ, పెద్దాసుపత్రి ఉన్న డెంటల్ కాలేజీ ముందు పెట్టుకోండి. మన దగ్గర నార్కట్‌పల్లి కామినేని, ఖమ్మం మమత, మహబూబ్‌నగర్ ఎస్‌వీఎస్ అలాంటివి. జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ పోస్టింగులు అక్కడే అయిపోతాయి. హైవే పక్కన ఆసుపత్రి అయితే దవడ విరిగిన యాక్సిడెంట్ కేసులు ఓరల్ సర్జరీకి వస్తాయి. ఊరి మధ్యలో నాలుగు అంతస్తుల బిల్డింగ్‌లో ఒక్క డెంటల్ కాలేజీ ఉంటే అవి చూడటం కష్టం.

ఎండీఎస్_మాధవి
అది సగమే నిజం. ఊరి మధ్యలో ఉన్న కాలేజీకి నడిచి వచ్చే పేషెంట్లు ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాణినీయ డెంటల్ కాలేజీకి సిటీ బస్సు దిగి జనం వచ్చేస్తారు. ఆవరణ పెద్దదని చూసి మోసపోకండి. యూజీ పిల్లకు రోజూ కావలసింది పుచ్చిన పన్నూ కదిలే పన్నూ, దవడ ఫ్రాక్చర్ పీజీవాళ్లు చేస్తారు, మీ పాప పక్కన నిలబడి సక్షన్ పట్టుకుంటుంది.

నల్గొండ_కుర్రోడు
సక్షన్ పట్టుకున్నా చూస్తాం కదా మేడమ్.

ఎండీఎస్_మాధవి
చూడొచ్చు. లైట్ కూడా పట్టుకోవచ్చు.

సింగరేణి_అమ్మ
పీజీ సీట్లు ఎక్కువ ఉన్న కాలేజీ మంచిదా, కాదా? మాధవిగారి మాట చూస్తే కేసులన్నీ వాళ్లే తీసుకుంటారేమో అనిపిస్తోంది.

హౌస్‌సర్జన్_పద్మ
రెండు వైపులా ఉంది. పీజీలు ఉన్నచోట ప్రొఫెసర్లు రోజూ ఉంటారు, సెమినార్లు జరుగుతాయి, అర్ధరాత్రి డౌట్ వచ్చినా అడగడానికి హాస్టల్లో ఒక సీనియర్ ఉంటారు. కష్టమైన ఆర్‌సీటీలు (రూట్ కెనాల్ చికిత్సలు) మాత్రం వాళ్లకే పోతాయి. నాకు పీజీ అక్కలే అన్నీ నేర్పారు, నేను పీజీలు ఉన్న కాలేజీకే మొగ్గుతాను.

కర్నూలు_ఖాదర్
మాకు వేరే తలనొప్పి. మా చెల్లెలు ఇల్లు హైదరాబాద్. కొడుకును ఇంటర్‌కి విజయవాడ పంపింది, రెండేళ్లు. ఇప్పుడు తెలంగాణలో లోకల్ కాదంటున్నారు. పుట్టింది, పెరిగింది, ఆధార్, రేషన్ కార్డు అన్నీ హైదరాబాదే.

ఆప్షన్ల_వీరుడు
తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలన్నది 2024లో మార్చిన రూలు. హైకోర్టులో విద్యార్థులకు ఊరట దొరికింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మాత్రం ప్రభుత్వం పక్షానే తీర్పు ఇచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల్లాంటి కొందరికి సడలింపు ఉంది, తల్లిదండ్రుల ఉద్యోగం ఏమిటో చూసుకోండి. అది కాకపోతే అన్‌రిజర్వ్‌డ్ సీట్ల పేరా నోటిఫికేషన్‌లో అక్షరం వదలకుండా చదివించండి. ఆంధ్రాలో విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి. రెండు రాష్ట్రాల మధ్య చదివిన పిల్లలకు ఆలిండియా కోటా, డీమ్డ్ కాలేజీల దారి ఎటూ ఉంటుంది, ఎందుకంటే వాటికి కౌన్సెలింగ్ పెట్టే ఎంసీసీ (కేంద్రం మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) దగ్గర లోకల్ అనే ప్రశ్న రాదు.

లాంగ్‌టర్మ్_లక్ష్మణ్
ఎంసీసీలో తక్కువ ర్యాంకుకి ఏముంటుంది అన్నా?

ఆప్షన్ల_వీరుడు
గవర్నమెంట్ డెంటల్ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా సీట్లు అక్కడ నింపుతారు, మన ర్యాంకులకు అవి అందవు. రిజిస్ట్రేషన్ చవకే కాబట్టి పెట్టుకుంటే పెట్టుకో. డీమ్డ్ కాలేజీల సీట్లన్నీ కూడా ఎంసీసీలోనే. మణిపాల్, సవీత, వైజాగ్ గీతం లాంటివి. డీమ్డ్‌కి రిజిస్ట్రేషన్ 5 వేలు, పైన 2 లక్షల డిపాజిట్. మొదటి రౌండ్‌లో వచ్చిన సీటు వద్దనుకుంటే డబ్బుకు ఢోకా లేదు. రెండో రౌండ్‌లో కొత్తగా వచ్చిన సీటులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. "ఊరికే పెట్టి చూద్దాం" అనుకునేవాళ్లు అక్కడే దొరికిపోతారు.

డల్లాస్_శ్రీను
మీ చర్చ చదువుతుంటే మా అక్క కొడుకు గుర్తొచ్చాడు. ఇక్కడ అమెరికాలోనే పుట్టాడు, డెంటల్ స్కూల్‌కి డాట్ అనే ప్రవేశ పరీక్ష రాశాడు, స్కోరు తక్కువ వచ్చింది. 2025 మార్చి దాకా అది 30కి, ఇప్పుడు 200 నుంచి 600 స్కేలు. ఇక్కడ స్కోరు తగ్గితే చేయడానికి ఇంకా పనులుంటాయి. డిగ్రీ జీపీఏ చూస్తారు, డెంటిస్టు పక్కన ఎన్ని గంటలు కూర్చున్నావో చూస్తారు, వ్యాసం రాయమంటారు, ఇంటర్వ్యూ ఉంటుంది. సొంత రాష్ట్రం పిల్లలకు మొగ్గు చూపే ప్రభుత్వ స్కూళ్లు వెతుక్కుని అక్కడ పెట్టుకుంటారు. టెక్సాస్ స్కూళ్లకు ప్రత్యేకంగా ఒక అప్లికేషన్ ఉంది, వాడు దాని మీదే పడ్డాడు. మీ దగ్గర ఒక్క ర్యాంకు, ఒక్క కేటగిరీ, ఆప్షన్ల వరస. అంతే. వ్యాసం రాసి బతికే దారి లేదు.

ఇడ్లీ_సాంబార్
మా దగ్గర వ్యాసం పెడితే అందరిదీ ఒకే కోచింగ్ సెంటర్ రాసిచ్చేది.

సింగరేణి_అమ్మ
శ్రీనుగారూ, మా అమ్మాయి ఎప్పుడూ అనేది అదే, బీడీఎస్ చేసి అమెరికా వెళ్తా అని. అది అవుతుందా? కాలేజీ పేరు చూస్తారా?

డల్లాస్_శ్రీను
అవుతుంది, తేలిక కాదు. నా భార్య ఆ దారిలోనే వచ్చింది. ఇండియా బీడీఎస్‌తో ఇక్కడ నేరుగా ప్రాక్టీసు చేయనివ్వరు. ఐఎన్‌బీడీఈ అనే డెంటల్ బోర్డు పరీక్ష పాసై, టోఫెల్ ఇంగ్లిష్ పరీక్ష రాసి, కాపిడ్ అనే ఉమ్మడి అప్లికేషన్ ద్వారా అప్లై చేసి ఇక్కడి డెంటల్ స్కూల్‌లో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. ఫీజు కొన్నిచోట్ల ఏడాదికి లక్ష డాలర్లు దాటుతుంది. చాలా స్కూళ్లు ఇంటర్వ్యూ రోజున బెంచ్ టెస్ట్ పెడతాయి, బొమ్మ పళ్ల మీద క్రౌన్ ప్రిపరేషన్ చేయమంటారు. అక్కడ నీ కాలేజీ పేరు ఎవరూ అడగరు, నీ చెయ్యి కదిలే తీరు చూస్తారు. అందుకే పద్మగారు చెప్పిన క్లినిక్స్ మాట నాకు నచ్చింది. బీడీఎస్ మార్కులు కూడా చూస్తారు, అవి మొదటి ఏడాది నుంచీ లెక్కే.

రాంబాబు_భీమవరం
లక్ష డాలర్లు అనగానే మాధవిగారు మాట్లాడటం లేదు.

ఎండీఎస్_మాధవి
ఆర్‌సీటీలో ఉన్నానండీ. ఆ లక్ష డాలర్లకే బీడీఎస్‌లో మిగిల్చిన డబ్బు పనికొస్తుంది, నేను మొదటి నుంచీ చెప్తున్నది అదేగా.

లాంగ్‌టర్మ్_లక్ష్మణ్
ఆంటీ, అంకుల్ చెప్పినట్టు ఇంకో ఏడాది కూర్చుంటే తప్పేముంది? నీట్‌కి గరిష్ట వయసు పరిమితి లేదు. నేను మళ్లీ కూర్చున్నా.

హౌస్‌సర్జన్_పద్మ
తప్పేం లేదు లక్ష్మణ్, నీకు ఎంబీబీఎస్సే కావాలి. ఆ పాప బీడీఎస్ కావాలంటోంది. కావాలన్న కోర్సు చేతికి అందే దూరంలో ఉంటే ఏడాది ఎందుకు పోగొట్టుకోవాలి? మా క్లాసులో ఎంబీబీఎస్ రాక వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లలో కొందరు ఫైనల్ ఇయర్‌లో కూడా నీట్ పేపర్ చూసి నిట్టూర్చేవాళ్లు. పంటి డాక్టర్ అవుతానని ఇష్టంగా వచ్చిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, వాళ్ల పని చూస్తేనే తెలిసేది.

లాంగ్‌టర్మ్_లక్ష్మణ్
నిట్టూర్చేవాళ్లలో నేనొకణ్ని అవుతానని ఇప్పుడే టెన్షన్ పెట్టేశారు.

కర్నూలు_ఖాదర్
బీడీఎస్‌కి అసలు డిమాండ్ ఉందా? ప్రతి సందులో ఒక డెంటల్ క్లినిక్ కనబడుతోంది.

ఆప్షన్ల_వీరుడు
సీట్ల వైపు నుంచి చెప్తా. 2020-21లో దేశంలో 7 వేల దాకా మొదటి సంవత్సరం బీడీఎస్ సీట్లు మిగిలిపోతే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అర్హత పర్సంటైల్‌ను 10 తగ్గించి నింపమంది. ప్రైవేటు కాలేజీలు ఫీజు తగ్గించుకునే సంగతి కూడా ఆలోచించాలని అదే తీర్పులో అంది. ఇన్ని సీట్లు మిగిలే కోర్సుకు ఎవరైనా "త్వరపడండి, అయిపోతున్నాయి" అంటే నమ్మకండి.

ఎండీఎస్_మాధవి
క్లినిక్కుల వైపు నుంచి నేను చెప్తా. హైదరాబాద్‌లో సందుకొకటి నిజమే. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు వైపు ఎన్ని ఉన్నాయి? బస్సెక్కి ఖమ్మం వచ్చి పన్ను తీయించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఊరు వదలని డెంటిస్టుకు పని ఉంది. బోర్డు పెట్టి రెండేళ్లు ఓపిక పట్టాలి, అంతే.

నల్గొండ_కుర్రోడు
ఒకటి మరిచారు అందరూ. ఆ ఏడాదికి కాలేజీకి అనుమతి ఉందో లేదో, ఎన్ని సీట్లకు ఉందో డెంటల్ కాలేజీలకు అనుమతులిచ్చే జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పేరు మారిన కాలేజీ అయితే పాత పేరుతో కూడా వెతకండి. అన్నట్టు, పనిముట్ల ఖర్చు ఫీజులో ఉండదు. ఎయిరోటర్ (పన్ను డ్రిల్ చేసే పనిముట్టు), పళ్లసెట్టు సరంజామా, తెల్ల కోట్లు అన్నీ మనమే కొనాలి. సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ దొరుకుతాయి. పుస్తకాలు అస్సలు కొత్తవి కొనొద్దు.

హౌస్‌సర్జన్_పద్మ
పుస్తకాలు సరే. ఎయిరోటర్ మాత్రం సెకండ్‌హ్యాండ్ వద్దు తమ్ముడూ. బేరింగ్ పోయినది అంటగడతారు.

సింగరేణి_అమ్మ
అందరి మాటలూ వాళ్ల నాన్నకు చదివి వినిపించాను. కన్సల్టెన్సీ నంబరు బ్లాక్ చేశాం. నిన్న పాపా నేనూ ఖమ్మం వెళ్లి చీటీ రాయించుకున్నాం, నాకు నిజంగానే రెండు పళ్లు పుచ్చాయట. పదకొండున్నరకే చీటీ నంబరు బాగానే పెరిగింది. ఇంకో కాలేజీకి కూడా వెళ్లాం, పేరు రాయను. అక్కడ ఒక హాలులో సగం చైర్లకు కవర్లు తీయలేదు. క్యాంటీన్‌లో ఒకబ్బాయిని కోటా ప్రశ్న అడిగితే "మీ ఊళ్లో పళ్లు లేనివాళ్లున్నారా ఆంటీ" అని ఎదురు అడిగాడు.

వరస ఇలా అనుకున్నాం. హైదరాబాద్ గవర్నమెంట్, తర్వాత ఖమ్మం, తర్వాత నార్కట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మహబూబ్‌నగర్, వికారాబాద్. రెండోదిగా చూసిన కాలేజీ పెట్టడం లేదు. బి కేటగిరీకి రిజిస్టర్ మాత్రం చేసి ఉంచుదామా?

ఆప్షన్ల_వీరుడు
రిజిస్టర్ చేసి ఉంచితే నష్టం లేదు, ఫీజు పోతుందంతే. ఆప్షన్లు పెట్టే ముందు ఆగి, కన్వీనర్ కోటా ఏ విడత దాకా వచ్చిందో చూసుకోండి. నార్కట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ మధ్య వరస పాప ఇష్టం. సంగారెడ్డి, నిజామాబాద్ వైపు కాలేజీలు కూడా ఒకసారి చూసి, చేరతాం అనుకుంటే కింద చేర్చండి, ఆరు ఆప్షన్లు ఈ ర్యాంకుకు తక్కువ.

రాంబాబు_భీమవరం
ఆ రెండు పళ్లు ఆలస్యం చేయకండి. పుచ్చు నరం దాకా పోతే ఆర్‌సీటీయే.

ఎండీఎస్_మాధవి
ఈ ఒక్క విషయంలో రాంబాబుగారితో ఏకీభవిస్తున్నాను.

సింగరేణి_అమ్మ
నిజామాబాద్ దూరం అనుకున్నాం, వాళ్ల నాన్న మాత్రం పెట్టమంటున్నారు. వస్తే చేరి, తర్వాతి విడతలో ఖమ్మానికి మారే వీలుంటుందా?

ఆప్షన్ల_వీరుడు
ఉంటుంది. చేరాక తర్వాతి విడతలో పైనున్న కాలేజీలే పెట్టాలి. పెట్టినదాంట్లో వస్తే పాతది తనంతట తానే పోతుంది, మళ్లీ వెనక్కి రాదు. అందుకే రెండో విడతలో నిజామాబాద్ కంటే నిజంగా ఎక్కువ ఇష్టమైనవే ఉంచండి. చివరి తేదీ దాటాక మానేస్తే బాండ్ డబ్బు కట్టమంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పటికే కాలేజీలో ఉంటాయి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ అన్నింటికీ స్కాన్ కాపీలు, పది సెట్లు జిరాక్సులు ఇచ్చేముందే తీసి పెట్టుకోండి.